రేకు ఎందుకు వాలుతుంది

జనవరి 5, కోరుట్ల

విద్యుద్దర్శిని ఒకటి స్వయంగా కట్టి పిల్లల ముందు పెట్టాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. పొడి గాలి ఉన్న ఈ చలి రోజులే దానికి అదను. వానాకాలంలో అయితే స్కేలుకు ఎక్కించిన ఆవేశం సీసా దగ్గరికి తెచ్చేలోపే తేమకు జారిపోతుంది.

పుస్తకాల్లో బంగారు రేకు అని ఉంటుంది. అది మా అందుబాటులో లేదు. నిన్న జగిత్యాల పోయినప్పుడు మిఠాయి దుకాణంలో వరక్ అడిగాను, కాజు బర్ఫీ మీద అద్దే వెండి రేకు. దుకాణం ఆయన రెండు కాగితాల మధ్య పెట్టి ఇస్తూ, "మేడం, ఊపిరి తగిలినా చినుగుతది. ఫ్యాన్ బంద్ చేసి ఇప్పుర్రి" అన్నాడు. నిజమే. వెండి ముక్కను తోలు పుటల మధ్య పెట్టి గంటల తరబడి సుత్తితో కొట్టి తీసే రేకు అది. మందం మైక్రోమీటరు కూడా ఉండదు. మనకు కావలసింది ఆ పల్చదనమే. రేకు ఎంత తేలికైతే అంత తక్కువ ఆవేశానికి లేస్తుంది.

ఈ ఉదయం కిటికీలు మూసి కూర్చున్నాను. కాగితంతో సహా రేకును కొత్త బ్లేడుతో కోశాను, వెడల్పు సగం వేలు, పొడవు రెండు వేళ్లు. రాగి తీగ చివర సాపు చేసి, గుడ్డు తెల్లసొన ఒక్క చుక్క రాసి రేకు పైఅంచు అంటించాను. తీగను సీసా మూతిలో మైనపు బిళ్ల పోసి నిలబెట్టాను. ఈ మైనమే అసలు సంగతి. రబ్బరు బిరడా, కర్ర బిరడా చూడటానికి బాగానే ఉంటాయి కానీ ఆవేశాన్ని పట్టి ఉంచవు. తీగ పైకొసకు ఒక గుండ్రటి రేకు మూత.

ప్లాస్టిక్ స్కేలును ఉన్ని శాలువాతో రుద్ది జానెడు దూరంలోకి తెచ్చానో లేదో, వరక్ తీగ నుంచి విడివడి పక్కకు లేచింది. ఇంకా ముట్టించనే లేదు. స్కేలు దూరం జరిపితే వాలింది. దగ్గరికి తెస్తే మళ్లీ లేచింది. ప్రేరణ అని ఇన్నేళ్లుగా బోర్డు మీద రాస్తున్నదాన్ని, వంటింటి బల్ల మీద కదులుతుంటే చూడటం వేరు.

1787లో ఇంగ్లండులో అబ్రహాం బెన్నెట్ అనే క్రైస్తవ మతగురువు చేసిన పరికరం ఇదే. అంతకు ముప్పై ఏళ్ల ముందు జాన్ కాంటన్ దారాలకు బెండు బంతులు కట్టి చూసేవాడు. బెన్నెట్ బంతుల చోట బంగారు రేకులు పెట్టాడు. ఆ ఒక్క మార్పుతో, అంతవరకు ఎవరికీ జాడ తెలియనంత చిన్న ఆవేశాలు కంటికి కనబడ్డాయి.

జనవరి 7

ఎనిమిదో తరగతిలో చూపించాను. సీసా వెనక తెల్ల అట్ట పెట్టి, దాని మీద కోణమానిని గీతలు గీశాను. రేకు లేచిందా లేదా అన్నంతవరకే అది విద్యుద్దర్శిని. గీతల మీద అంకె చదవడం మొదలుపెడితే ఎలక్ట్రోమీటర్ అవుతుంది.

ఆవేశం పెట్టి స్కేలు తీసేశాక రేకు లేచే ఉంది. పిల్లలు చూస్తున్నారు. నేను బోర్డు వైపు తిరిగి రాసుకుంటుండగా వెనక బెంచీ పిల్ల లేచింది. "మేడం, రేకు దిగుతుంది. ఎవ్వలూ ముట్టలేదు. ఎందుకు దిగుతుంది?"

మైనంలోంచి కొంత పోతుంది, సీసా లోపలి తేమ వెంట కొంత పోతుంది అన్నాను. "అవి రెండూ లేకుంటే దిగదా?" అని మళ్లీ అడిగింది. దిగుతుందమ్మా, అప్పుడు కూడా దిగుతుంది అన్నాను. ఎందుకో రేపు చెబుతానన్నాను. గంటలో చెప్పి తీరిపోయే జవాబు కాదు అది.

జనవరి 8, రాత్రి

ఆ పిల్లకు ఇవాళ చెప్పిన కథ ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. పైతరగతి వాళ్లకు ఇంకా వివరంగా చెప్పాలి.

ఆవేశం తనంతట తాను జారిపోతుందని కూలుంబ్ 1785లోనే గమనించాడు. రెండు ఆవేశాల మధ్య బలం దూరం వర్గానికి విలోమంగా ఉంటుందని మెలితిరిగే తీగ త్రాసుతో తేల్చినవాడు. ఎంత మంచి బంధకం మీద నిలబెట్టినా ఆవేశం తరుగుతూనే ఉందని రాశాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా అందరూ దాన్ని పరికరం లోపంగానే చూశారు. బంధకాలు మార్చారు, గాలి ఆరబెట్టారు, పాత్ర మూసేశారు. జారడం తగ్గింది కానీ ఆగలేదు.

1896లో బెకెరెల్ యురేనియం నుంచి కిరణాలు వస్తున్నాయని కనిపెట్టాడు. ఆ కిరణాలు గాలి అణువులను అయాన్లుగా విడగొడతాయి. విడిపోయిన ముక్కలు రేకు మీది ఆవేశాన్ని తటస్థం చేస్తాయి, రేకు గబగబా వాలుతుంది. అంటే రేకు వాలే వేగమే కిరణాల తీవ్రతకు కొలత. మరి దగ్గర్లో యురేనియం లేనప్పుడు కూడా నెమ్మదిగా వాలుతుందే? నేలలో, రాళ్లలో అంతటా కొంచెం కొంచెం యురేనియం, థోరియం ఉంటాయి కాబట్టి అని సమాధానపడ్డారు.

అలాగైతే నేల నుంచి పైకి పోయేకొద్దీ వాలే వేగం తగ్గాలి. 1910లో థియోడర్ వుల్ఫ్ అనే జెసూట్ మతగురువు తాను తయారుచేసిన ఎలక్ట్రోమీటర్ పట్టుకుని పారిస్ ఐఫిల్ టవర్ ఎక్కాడు. ఆయన పరికరంలో రేకుల బదులు రెండు సన్నటి తీగలు ఉంటాయి, వాటి ఎడాన్ని మైక్రోస్కోపుతో చదువుతారు. టవర్ అడుగున ఘన సెంటీమీటరు గాలిలో సెకనుకు 6 అయాన్ల జంటలు, 300 మీటర్ల పైన 3.5. తగ్గింది. కానీ నేల నుంచే వచ్చే కిరణాలైతే ఆ ఎత్తులో దాదాపు ఏమీ మిగలకూడదు.

1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ హైడ్రోజన్ బెలూన్ బుట్టలో మూడు వుల్ఫ్ ఎలక్ట్రోమీటర్లతో 5,300 మీటర్లు దాటి ఎక్కాడు. ఎవరెస్టు శిబిరాల ఎత్తు అది. ఆ చలిలో, పల్చటి గాలిలో, మైక్రోస్కోపుకు కన్ను ఆనించి తీగల ఎడం చదివి గడియారం చూసి రాసుకున్నాడు. మొదటి కిలోమీటరులో అయాన్లు కొద్దిగా తగ్గాయి. తర్వాత పెరగడం మొదలైంది. ఐదు కిలోమీటర్ల దగ్గర నేల మీదికన్నా రెట్టింపు దాటాయి. కిరణాలు పైనుంచి వస్తున్నాయి! సూర్యుడి నుంచేమో అన్న అనుమానం కూడా అప్పటికే ఆయన తీర్చుకున్నాడు. ఆ ఏప్రిల్‌లో గ్రహణం వేళ ఎక్కి చూస్తే ఏమీ తగ్గలేదు. అవే విశ్వకిరణాలు. 1936లో హెస్‌కు నోబెల్ వచ్చింది.

నూరేళ్లు లోపమని అనుకున్నది వార్త అయింది. నాకు ఫిజిక్స్‌లో ఇంతకన్నా ఇష్టమైన కథ లేదు. అంతా విని ఆ పిల్ల ఒక్కటే అడిగింది, "ఇప్పుడు మన రూంల గూడ పడుతున్నయా మేడం?" పడుతున్నాయి. అరచేయి చాపితే సెకనుకు ఒకటి చొప్పున దానిలోంచి దూసుకుపోతున్నాయి. గంట కొట్టేదాకా పిల్లలందరూ అరచేతులు చాపి కూర్చున్నారు.

జనవరి 15, సిరిసిల్ల

పండుగకు తల్లిగారింటికి వచ్చాను. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు లేని సిరిసిల్ల ఏడాదిలో ఈ రెండు మూడు రోజులే. ఎల్లుండి నుంచి మళ్లీ మాట మాటకు వినబడదు.

చిన్నబాపు కార్ఖానాలో పాలిస్టర్ నడుస్తుంది. చలికాలం తనకు ఏం కష్టమో అడిగితే చూపించాడు. బీము మీంచి వచ్చే పోగులు ఒకదాన్నొకటి తోసుకుని పైకి ఉబ్బి నిలబడతాయి. కొన్ని పక్కపోగులకు అతుక్కుంటాయి. నూగు ఎగిరి వచ్చి బట్టకు పట్టుకుంటుంది. "చేయి పెడితే చిటుక్కుమంటది బిడ్డా, చీకట్ల అయితే మెరుపు గూడ కనవడ్తది. నీళ్లు చల్లుతం, తడి గోనెసంచులు ఏలాడేస్తం. అప్పుడు జర ఆగుతది."

ఆయన చేసేది సరైన వైద్యం. దూదికి తేమ పట్టే గుణం ఉంది. మామూలు గాలిలో దాని బరువులో 8.5 శాతం నీరే ఉంటుంది. పాలిస్టర్‌లో 0.4 శాతం. నూలు పోగు మీద పుట్టిన ఆవేశం ఆ తేమ వెంట పోతుంది. పాలిస్టర్ పోగు మీద పుట్టింది అక్కడే ఉండిపోతుంది. గైడులకు, పన్నెకు రాసుకుంటూ పోయే ప్రతి పోగుకూ ఒకే రకం ఆవేశం. ఒకే రకం ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందుకే ఉబ్బు. మా నాయన కాలంలో నూలు నేసినన్నాళ్లు ఈ మాటే ఊళ్లో వినలేదంటుంది అమ్మ.

జనవరి 16, సిరిసిల్ల

వరక్ సీసా వెంట తెచ్చాను, బస్సులో ఒళ్లో పెట్టుకుని. ఇవాళ చిన్నబాపు మనుమలు ఇద్దరినీ కూర్చోబెట్టి ఫారడే 1843లో చేసిన ప్రయోగం చేశాను. ఆయన వాడింది ఐసు పెట్టే బకెట్. మేం వాడింది స్టీలు నెయ్యి గిన్నె, లోతైనది.

గిన్నెను థర్మోకోల్ ముక్క మీద నిలబెట్టి, బయటి గోడ నుంచి తీగతో సీసా తలకాయకు కలిపాను. పాలిస్టర్ బట్ట ముక్కను ఒక ప్లాస్టిక్ పుల్లకు, ఉన్ని ముక్కను ఇంకో పుల్లకు కట్టాను. రెండింటినీ గిన్నె లోపలే, గోడకు తగలకుండా, ఒకదానికొకటి రుద్దమని పెద్దవాడికి చెప్పాను. రుద్దాడు. రేకు కదలలేదు. "ఏం గాలేదు అత్తమ్మా" అన్నాడు. ఇప్పుడు ఉన్ని ముక్క బయటకు తీయరా అన్నాను. తీయగానే రేకు ఒక్కసారిగా లేచి నిలబడింది. ఉన్ని లోపల పెడితే వాలింది. పాలిస్టర్ తీస్తే మళ్లీ అంతే ఎత్తు లేచింది.

వాడు ఆ రెండు పుల్లలతో చాలాసేపు ఆడాడు, నేను ఆపలేదు. రుద్దడం ఆవేశాన్ని పుట్టించదు. ఉన్నదాన్ని రెండు వాటాలు చేస్తుంది. ఒకదానికి ఎంత ఋణం వస్తే రెండోదానికి అంతే ధనం మిగులుతుంది. ఇంతకన్నా శుభ్రంగా ఆ మాట చెప్పే ప్రయోగం నేను చూడలేదు. పైగా గిన్నెకు ఏదీ తగలనక్కరలేదు, లోపల ఎంత ఆవేశం ఉందో బయటి గోడ చెప్పేస్తుంది. జౌళి పరీక్షశాలల్లో బట్టకు ఎంత ఆవేశం పడుతుందో ఇప్పటికీ ఈ గిన్నె పద్ధతిలోనే కొలుస్తారు. గిన్నె పక్కన వరక్ సీసా బదులు ఎలక్ట్రానిక్ మీటరు ఉంటుంది, అంతే తేడా.

రాత్రి లెక్క వేశాను. అంత గిన్నె కెపాసిటెన్స్ 10 పికోఫారడ్లు ఉండవచ్చు. రేకు బాగా విచ్చుకుందంటే వెయ్యి వోల్టులు అనుకుందాం. గుణిస్తే 10 నానోకూలుంబ్‌లు. ఎలక్ట్రాన్లలో చెప్పాలంటే 6,000 కోట్లకు పైమాటే. ఒక బట్ట ముక్క నుంచి ఇంకో దానికి ఇన్ని కోట్లు మారినా, ఆ ముక్క మొత్తంలో ఉన్న ఎలక్ట్రాన్లతో పోలిస్తే లెక్కలోకి రావు. చిన్నబాపు పక్కనుంచి విని, "గా లెక్క సాంచా మీద జూడరాదా, ఏ పోగుకు ఎంత పట్టిందో" అన్నాడు. చూడవచ్చు. పోగును ముట్టుకోకుండా, కాస్త దూరం నుంచి దాని క్షేత్రాన్ని చదివే మీటర్లు ఉన్నాయి. చేతిలో ఇమిడేంతవి. పెద్ద మిల్లులు అది చదివి ఎక్కడ తేమ పెంచాలో, ఎక్కడ అయాన్ల గాలి ఊదే కడ్డీ బిగించాలో చూసుకుంటాయి. సాంచాల మీద బతికే ఊళ్లో ఆ మీటరు నాలుగు వీధులకు ఒకటైనా ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. చల్లిన నీళ్లు ఎంతవరకు పనిచేశాయో కంటితో కాక అంకెతో తెలుస్తుంది.

ఫిబ్రవరి 2, కోరుట్ల

బెలూన్ల గురించి పత్రికల్లో వచ్చే ప్రకటన ఏటా కత్తిరించి పెట్టుకుంటాను. హైదరాబాద్ నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు వదులుతారు. హైడ్రోజన్ నింపినవి, నిండుగా ఉబ్బితే 50 మీటర్లు దాటే వ్యాసం, 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. పని అయ్యాక పరికరాలు రంగురంగుల పారాచూట్లతో హైదరాబాద్‌కు 200 నుంచి 350 కిలోమీటర్ల దూరం వరకు ఎక్కడైనా దిగవచ్చు. దిగే జిల్లాల జాబితాలో మన జగిత్యాల ఉంటుంది, రాజన్న సిరిసిల్ల ఉంటుంది. దొరికితే విప్పవద్దు, లోపల హై వోల్టేజీ ఉండవచ్చు, పోలీసులకు చెప్పండి అని కోరతారు.

ఇవాళ తొమ్మిదో తరగతిలో ఆ ముక్క చదివి వినిపించాను. హెస్ బుట్టలో కూర్చుని చేసిన పనే, మనిషి లేకుండా. హోమీ భాభా మొదలుపెట్టిన విశ్వకిరణాల పరిశోధన కోసం పుట్టిన బెలూన్లు ఇవి. హైదరాబాద్‌లో శాశ్వత కేంద్రం 1969 నుంచి ఉంది. ఇక్కడే ఎందుకంటే భూ అయస్కాంత మధ్యరేఖకు మనం దగ్గర. విశ్వకిరణాల్లో శక్తి తక్కువ ఉన్నవాటిని భూమి అయస్కాంతత్వం ఇక్కడ పక్కకు నెట్టేస్తుంది, బాగా బలమైనవే లోపలికి రాగలవు. ధ్రువాల దగ్గర ఈ వడపోత లేదు. ఈ తేడా కొలవడానికే 1939 చివర్లో అమెరికా నుంచి మిల్లికన్, నెహర్, పికరింగ్ మన దేశానికి వచ్చి బెంగుళూరు, ఆగ్రా, పెషావర్ల నుంచి పరికరాలు కట్టిన బెలూన్లు వదిలారు.

ఇంకో పేరు కూడా పిల్లలకు చెప్పాను. అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టినవాడు. భాభా దగ్గర చేరి విశ్వకిరణాల పరికరాలు, రేడియేషన్ కొలిచే సాధనాలు ఇక్కడే తయారుచేయించాడు. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైనప్పుడు దాన్ని నడిపించింది ఆయనే. ఆ సంస్థ చేసిన ఎలక్ట్రోమీటర్లు మన విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో పనిచేశాయి. ఏఎస్ రావు నగర్ అని రోజూ బస్సు బోర్డు మీద చదివే పేరు వెనక ఇంత పని ఉందని హైదరాబాద్‌లో ఉండే మా చుట్టాలకే తెలియదు.

ఫిబ్రవరి 9, జగిత్యాల

బావ పొలం మట్టి పట్టుకుని పొలాస వెళ్లాం, వ్యవసాయ పరిశోధన స్థానానికి. పసుపు వేసే చేను. ఆకులు పాలిపోతున్నాయని ఆయన బెంగ.

మట్టిని నీళ్లలో కలిపి పెట్టిన గాజు బీకరులో పీహెచ్ మీటరు కడ్డీ ముంచే ఘట్టం కోసం నేను పక్కనే నిలబడ్డాను. కడ్డీ చివర పల్చటి గాజు బుడగ. గాజుకు అటు ఇటు హైడ్రోజన్ అయాన్లు ఎక్కువ తక్కువలుంటే ఆ పొర మీద కొద్దిపాటి వోల్టేజీ పుడుతుంది. పీహెచ్ ఒక అంకె మారితే 59 మిల్లీవోల్టులు. వోల్టేజీ కొలవడం కష్టమేం కాదు కదా అనిపిస్తుంది. కానీ గాజు నిరోధం పది కోట్ల ఓముల వరుసలో ఉంటుంది. మామూలు మీటరు పెడితే అది తాగే కరెంటును గాజు ఇవ్వలేదు, వోల్టేజీ అక్కడే కుప్పకూలుతుంది. ఆవేశాన్ని దాదాపు తాగకుండా చదివే సాధనం కావాలి. అంటే ఎలక్ట్రోమీటరే. గాజు ఎలక్ట్రోడ్ కొత్తలో శాస్త్రవేత్తలు నిజంగానే ఎలక్ట్రోమీటర్లతో చదివేవారు. 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్, నిమ్మరసం పులుపు కొలవడానికి మిత్రుడు అడిగితే, వాక్యూమ్ ట్యూబు ఆంప్లిఫయరు పెట్టి దాన్ని ఒక పెట్టెలో ఇమిడ్చాడు. బీకరు పక్కన అంకెలు మెరిసే ఆ పెట్టె దాని మనుమడు.

చేను పీహెచ్ 8.2 అన్నారు. జింకు, ఇనుము ఉన్నా మొక్కకు అందవట. బావకు ఏం చల్లాలో రాసిచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన, "అండ్ల గూడ నీ వరకేనా?" అని అడిగాడు. అదే బావా అన్నాను.

ఫిబ్రవరి 16

పాత విద్యార్థి ఒకడు కనబడ్డాడు. కరీంనగర్‌లో క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే చోట పనిచేస్తున్నాడు. పొద్దున్నే రోగులు రాకముందు తన పని ఏమిటో చెప్పమన్నాను, చెప్పాడు. నీళ్ల తొట్టిలో వేలెడు గొట్టం ఒకటి ముంచుతారు. దాని లోపల 0.6 ఘన సెంటీమీటర్ల గాలి, మధ్యలో ఒక కడ్డీ. యంత్రం కిరణాలు వదిలితే ఆ గాలి అయాన్లవుతుంది, కడ్డీ మీదికి చేరిన ఆవేశాన్ని పక్క గదిలో ఎలక్ట్రోమీటరు చదువుతుంది. ఒక గ్రే మోతాదుకు సుమారు 20 నానోకూలుంబ్‌లు. తేడా వస్తే ఆ పూట చికిత్స ఆపుతారు.

20 నానోకూలుంబ్‌లు. సిరిసిల్లలో మా నెయ్యి గిన్నెలో పట్టిన దానికి రెట్టింపు! ఒక మనిషి కణితికి సరిగ్గా ఎంత కావాలో అంతే అందేలా చూసేది అంత కొద్ది ఆవేశం. వాడు అది చాలా మామూలుగా చెప్పాడు. నేను ఇంటికి వచ్చేదాకా అదే తలుచుకుంటూ వచ్చాను.

ఫిబ్రవరి 28

సైన్స్ డే. పిల్లలకు మేరీ క్యూరీ గురించి మాట్లాడాను, రేడియం మెరుపు గురించి కాదు, ఆమె కుర్చీ గురించి. 1898లో ఆమె ఎదుట ఒక క్వాడ్రంట్ ఎలక్ట్రోమీటర్ ఉంది. రెండు పళ్లేలు, వాటి మధ్య గాలి, కింది పళ్లెంలో రాతి పొడి. పొడి కిరణాలకు గాలి అయానీకరించి పళ్లెంలో ఆవేశం చేరుతుంటే ఎలక్ట్రోమీటర్ అద్దం తిరుగుతుంది, స్కేలు మీద వెలుగు చుక్క జరుగుతుంది. అది జరగకుండా ఆమె ఎడమవైపు నుంచి సరిగ్గా అంతే వ్యతిరేక ఆవేశం అందించాలి. దానికి క్వార్ట్జ్ పలక. బరువు వేలాడదీస్తే క్వార్ట్జ్ ఆవేశం ఇస్తుంది, అది కనిపెట్టింది 1880లో ఆమె భర్త పియరీ, ఆయన అన్న జాక్. ఒక చేత్తో బరువును మెల్లమెల్లగా వదులుతూ, ఇంకో చేత్తో స్టాప్‌వాచీ పట్టుకుని, వెలుగు చుక్కను సున్నా మీద నిలిపి ఉంచడం. గంటలు గంటలు. పిచ్‌బ్లెండ్ ఖనిజం దానిలోని యురేనియం లెక్కకన్నా ఎక్కువ చురుకుగా ఉందని తేలింది ఆ కుర్చీలోనే. అంటే లోపల ఇంకేదో ఉంది. ఆ జులైలో పొలోనియం, డిసెంబరులో రేడియం.

ఎక్కువ ఉంది అనడానికి ముందు ఎంత ఉందో తెలియాలి. ఆవిడ దగ్గర అంకె ఉంది.

మార్చి 16

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. జగిత్యాల దారిలో గ్రానైట్ దిమ్మెల లారీలు. టాన్ బ్రౌన్ రాయి ఇక్కడిదే, దేశాలు దాటి పోతుంది. కరీంనగర్ ప్రాంతపు గ్రాన్యులైట్ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ అంకె ఎలా వస్తుందో కూడా ఆవేశమే చెబుతుంది. రాతి పొడిలోని మూలకాలను అయాన్లుగా మార్చి, అయస్కాంతంతో బరువును బట్టి విడదీసి, ఒక్కో రకాన్ని ఒక్కో లోహపు గిన్నెలో పడేస్తారు. ఫారడే కప్పు అని దాని పేరు. ఏ గిన్నెలో ఎంత ఆవేశం చేరిందో ఎలక్ట్రోమీటరు చదువుతుంది. ఆ నిష్పత్తి నుంచి వయసు.

లారీ మీది రాయిని చూస్తే పిల్లలకు ఇక ఇది చెప్పకుండా ఉండలేను.

ఏప్రిల్ 10, కోరుట్ల

సాయంత్రం గాలివాన, వడగండ్లు. చల్‌గల్ మార్కెట్‌కు పోవాల్సిన మామిడి తోటల్లోనే రాలిందని రాత్రి ఫోన్లు. కల్లాల్లో వడ్లు తడిసినవాళ్ల బాధ చెప్పనలవి కాదు.

మబ్బు పడుతుండగా పిల్లలు ఇద్దరు ఇంటికి పరిగెత్తుకొచ్చారు. సీసాను మేడ మీద పెట్టి తీగ పైకి నిలబెట్టి ఉరుమును కొలుద్దామని. గట్టిగా వద్దన్నాను. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త సరిగ్గా అదే చేశాడు. ఇంటి కప్పు మీది కడ్డీ నుంచి లోపలికి తీగ, దానికి దారం కట్టిన ఎలక్ట్రోమీటరు. దారం ఎంత లేచిందో చదవడానికి వంగినప్పుడు పిడుగు తీగ వెంట దిగి ఆయన ప్రాణం తీసింది. పిల్లలు కిటికీకి దూరంగా కూర్చున్నారు. వాన తగ్గేదాకా చెప్పుకున్నాం.

భూమికి ఎప్పుడూ ఋణావేశం ఉంటుంది, మొత్తం సుమారు 5 లక్షల కూలుంబ్‌లు. మబ్బు లేని రోజున కూడా మన తలకు, కాలికి మధ్య గాలిలో మీటరుకు 100 వోల్టుల తేడా ఉంటుంది. మన శరీరం వాహకం కాబట్టి అది మనకు తెలియదు. జనవరిలో అడిగిన పిల్ల ఇద్దరిలో ఒకతె. "మరి భూమి రేకు గూడ దిగాలె గదా మేడం?" అంది. నేను చెప్పబోయే మాట తనే అనేసింది. దిగుతోంది. విశ్వకిరణాలు గాలిని అయానీకరిస్తూనే ఉంటాయి, ఆ గాలిలోంచి ప్రపంచమంతటా కలిపి వెయ్యి ఆంపియర్లకు పైగా కరెంటు ఎప్పుడూ జారుతూ ఉంటుంది. 5 లక్షలను వెయ్యితో భాగించమన్నాను. 500 సెకన్లు. పది నిమిషాలు కూడా గడవకముందే భూమి ఆవేశం అయిపోవాలి.

కానీ అయిపోదు. ఎందుకంటే ఈ ఉరుములే దాన్ని మళ్లీ నింపుతాయి. ఆ మాట 1920లో సి.టి.ఆర్. విల్సన్ చెప్పాడు. మూసిన పాత్రలో రేకు ఎందుకు వాలుతోందని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తల బద్దలుకొట్టుకున్నవాళ్లలో ఆయన కూడా ఒకడు. మూడోవంతు భూమి మీద మబ్బులు లేకపోయినా ఎక్కడో ఒకచోట ఉరుముతూనే ఉంటుంది, ప్రపంచం మొత్తం మీద సెకనుకు నలభై పైచిలుకు మెరుపులు.

వేసవి సెలవుల్లో ఫీల్డ్ మిల్ ఒకటి కట్టాలి. తిరిగే రెక్కల చక్రం కింద లోహపు పలక, రెక్క కప్పి తెరిచినప్పుడల్లా పలక మీద ఆవేశం వచ్చి పోతుంది, దాని నుంచి మబ్బు కింది క్షేత్రం చదవవచ్చు. పిడుగుకు ముందు ఎలా పెరుగుతుందో ఇంట్లో కూర్చుని, తీగ బయట పెట్టకుండా, గోడ నీడన చూడాలి. మోటారుకు సిరిసిల్లలో చిన్నబాపును అడగాలి, కండెలు చుట్టే పాత యంత్రం ఒకటి మూలకు పడి ఉండాలి.